గంజి మిద్దె

నిన్న పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి పెరట్లోకి వెళ్లిన వరలక్ష్మమ్మ ఇంతవరకూ ఇంట్లోకి తిరిగి రాలేదు.

వెళ్లింది ఎంతో దూరం కాదు. పెరడు దాటి దిడ్డివాకిలి తీసుకుని అవతల అడుగు పెడితే, ప్రహరీగోడకు ఆనించి కట్టిన పొట్టి గదుల వరస ఒకటి ఉంటుంది. ఒకప్పుడు ఈ ఇంటి జీతగాళ్లు పెళ్లాంబిడ్డలతో కాపురమున్న గదులు. ఇప్పుడు చివరి గదిలో తిరుమలమ్మ ఒక్కతే మిగిలింది. ఆ తిరుమలమ్మ గడప ముందు, ఆమె చాప మీద, ఏనుగుమిట్ట నాయుళ్ల ఇంటి పెద్దావిడ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. రాత్రి అక్కడే సంగటి తిని అక్కడే పడుకుంది. పాలు పోసే మనిషి కళ్లారా చూశాడు. ఇక పుత్తూరు బస్టాండులో ఈ వార్త తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారంటే వాళ్లు పరాయి ఊరివాళ్లే అయి ఉండాలి.

"అంతా నీ కాగితంతోనే వచ్చింది," అన్నాడు గిరిప్రసాద్ భార్యతో. ముందు పంచలో ఆ చివరి స్తంభం నుంచి ఈ చివరి స్తంభం దాకా నడుస్తున్నాడు. "మధ్యాన్నానికి మద్రాసు నుంచి బాలసుబ్రమణ్యం సారు దిగుతాడు. ఇల్లు అమ్మ పేరున ఉండాది. సంతకం ఆమె పెట్టాల. ఆమె పొయ్యి జీతగాళ్ల వరసలో కూసుండాది. ఆయనకేం చెప్పేది? మా అమ్మ అలిగిందని చెప్పేదా?"

"ఎందుకలిగిందో నువ్వు పొయ్యి అడిగినావా, బావా?" అంది స్రవంతి.

"అడిగినా. 'నీ పెండ్లాన్ని పంపించు' అనింది. అంతే, ఇంగ నోరు తెరవలా."

నిన్న కాఫీల వేళ స్రవంతి చదివి వినిపించింది నాలుగు ముక్కలే. హోటల్‌గా మారబోతున్న ఈ ఇంటి ముందు నల్లరాతి పలక మీద చెక్కించడానికి రాసినవి. '1876 నాటి ధాత కరువు కాలంలో చెంగయ్య నాయుడుగారు ఈ వాకిట గంజి పోసి వేలమంది ప్రాణాలు నిలబెట్టారు. ఆ కృతజ్ఞతతో వారంతా చెమటోడ్చి కట్టిన భవనమిది. అందుకే దీనికి గంజి మిద్దె అని పేరు.' మొదటి వాక్యానికి వరలక్ష్మమ్మ మామూలుగానే వింటూ ఉంది. 'కృతజ్ఞత' దగ్గర గ్లాసు కింద పెట్టింది. చివరి వాక్యం అయ్యేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ పలక మీద స్రవంతి ఎంత ఆశ పెట్టుకుందో చెప్పకపోతే ఆమె బాధ అర్థం కాదు. పెళ్లికి ముందు తిరుపతిలో ఒక కాలేజీలో చరిత్ర చెప్పేది. మేనత్త ఇంటికే కోడలిగా వచ్చాక పాఠాలు పోయి పప్పు తిరగమోతలు వచ్చాయి. మద్రాసు కంపెనీవాళ్లు ఈ ఇంటిని లీజుకు తీసుకుని పాతకాలపు హోటల్‌గా నడుపుతామని వచ్చినప్పుడు, ఇంటిని చూసుకోవడానికీ, వచ్చినవాళ్లకు తిప్పి చూపించి చరిత్ర చెప్పడానికీ చదువుకున్న మనిషి కావాలన్నారు. "బయటెందుకు వెతికేది? మీ ఇంట్లోనే ఉండారు గదా," అన్నాడు బాలసుబ్రమణ్యం ఆమెను చూపించి. ఆ రోజు స్రవంతి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

అప్పటినుంచీ సాధన మొదలుపెట్టింది. నారాయణవనం నేతచీరలు రెండు తెప్పించుకుంది. ఎవరూ లేనప్పుడు పంచలో నిలబడి, కనపడని విదేశీయులకు చూపిస్తూ చెప్పుకునేది. ఈ స్తంభాలకు సిమెంటు చుక్క లేదండీ. గానుగలో ఆడించిన సున్నం. కరక్కాయ నీళ్లు, బెల్లం, గుడ్డుసొన కలిపి పూసి, నున్నటి రాయితో రుద్ది రుద్ది అద్దం చేశారు. చూడండి, మీ మొహం కనిపిస్తుంది. లోపల తొట్టికట్టు. నాలుగు వైపుల చూర్ల నుంచీ వాన నడిమధ్యకే దిగుతుంది. దూలాలు బర్మా టేకు. ఓడలో మద్రాసుకు, అక్కడినుంచి ఎద్దుల బండ్ల మీద ఏనుగుమిట్టకు. ఇంత చెప్పి, నవ్వు మొహం పెట్టి, ఎవరూ లేని పంచలో నమస్కారం కూడా చేసేది పిచ్చిది.

పెరటి వెనక వరస గురించి ఆ పాఠంలో ఒక్క మాట కూడా ఉండేది కాదు. అది ఎలాగూ పోయేదే. కంపెనీవాళ్లు అక్కడ ఈతకొలను తవ్వుతారు.

"పోతావా, పోవా?" గిరిప్రసాద్ గద్దించాడు.

స్రవంతి దిడ్డివాకిలి వైపు నడిచింది.

* * *

ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్లయినా ఆ వరస ముందు ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. పండగనాడు అరిటాకులో బూరెలు పెట్టుకుని వచ్చేది, ఇచ్చి వెళ్లేది. గదులకు ఇంటి వైపు తలుపు లేదు, కిటికీ లేదు. తలుపులన్నీ సందు వైపుకే. పెరట్లోంచి చూస్తే మొండిగోడ కనిపిస్తుందంతే. లోపల మనుషులున్నారని ఇంట్లోవాళ్లు మరిచిపోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకొకటి ఉండదు. ఈ సంగతి చరిత్ర చదువుకున్న స్రవంతికి ఈ రోజే తట్టింది.

"కూసో," అంది వరలక్ష్మమ్మ.

తిరుమలమ్మ లేచి చాప జరిపింది. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకరు కోడలిగా ముందు వాకిట్లోంచి వచ్చారు, ఇంకొకరు ఈ వరసలోనే పుట్టారు. తిరుమలమ్మ కూతురు రెబెకా రేణిగుంటలో టీచరు. వచ్చి నా దగ్గర ఉండమ్మా అని ప్రతి ఆదివారం అడుగుతుంది. తిరుమలమ్మ ప్రతి ఆదివారం తల అడ్డంగా ఊపుతుంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

"నేను రాసినదాంట్లో తప్పేముండాదత్తా?"

"నీ పెండ్లయిన ఏడు, ఉగాదికి సున్నాలేసేటప్పుడు ఏం జరిగిందో గుర్తుండాదా?"

స్రవంతికి గుర్తుంది. తొట్టిలో సున్నం కలిపి ఉంది. వాళ్ల పుట్టింట్లో లాగా, గోడకు సున్నం బాగా పట్టాలని, వార్చిన గంజి తెచ్చి అందులో పోసింది. ఎక్కడినుంచి చూసిందో అత్త పరిగెత్తుకుంటూ వచ్చి తొట్టి తొట్టినే బోర్లా తోసేసింది. 'ఈ ఇంట్లో సున్నానికి గంజి పొయ్యగూడదు. తుమ్మబంక కలపాల,' అంది. ఏదో ఆచారమనుకుంది స్రవంతి. ప్రతి ఇంటికీ ఇలాంటివి ఉంటాయి, అడిగితే ఆచారం అంటారు, అంతే.

"నేనొచ్చిన ఏడు నేనూ పోసినా," అంది వరలక్ష్మమ్మ. "మా అత్త నాకంటే కోపిష్టిది. తొట్టి తోసేసి, నా చెంప మింద ఒకటేసింది. రెండునాళ్లు పొయినాక పిలిచి కూసోబెట్టుకోని చెప్పింది. కోడండ్లకి చెప్పుకుంటా వచ్చిన మాటంట. మగోళ్లకి తెలీదు. తెలిసినా తెలీనట్టే ఉంటారు."

"ఏం మాట?"

వరలక్ష్మమ్మ ఎదురుగా గోడ వైపు చూసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

"ధాత కరువులో చెంగయ్య నాయుడు గంజి పోసింది నిజమే. ఇల్లు కడతా ఉండిరి. మట్టి మోస్తే గంజి, గానుగ తిప్పితే గంజి. కూలీ అదే. ఎక్కడెక్కడినుంచో కుప్పలుగా వచ్చినారంట. స్తంభాలకి పూత పూసే మేస్త్రీ కారైకుడి నుంచి వచ్చినాడు. అద్దం మాదిరి మెరవాలంటే కడాన వేసే ఆఖరి పూతకి చిక్కటి బియ్యపు గంజి పొయ్యాల అన్నాడు. ఇంగ వాకిట్లో రెండు గుండిగలు పక్కపక్కనే ఉడికేటివి. ఒకటి మనుషులకి, ఒకటి గోడకి. రాను రాను బియ్యం దొరకలా. మనుషుల గుండిగలో నీళ్లు పోసినారు. గోడ గుండిగ మాత్రం చిక్కంగానే ఉండాది."

స్రవంతి చాప మీద ముందుకు జరిగింది.

"తర్వాతది నువ్వు చెప్పు తిరుమలా. అది మీది," అంది వరలక్ష్మమ్మ.

తిరుమలమ్మ కొంగుతో మోకాళ్లు కప్పుకుంది. "ఏముండాదిమా చెప్పేదానికి. మా ముత్తవ్వ గానుగ కాడ పని చేస్తా ఉండె. సంకలో బిడ్డ. పాలు లేవు. గంజి సున్నంలో పోసేస్తా ఉంటే సూసి, సెయ్యి పెట్టి పైపైన తీసి బిడ్డ నోట్లో పెట్టింది. పైనుండేదంతా గంజేలే అనుకునింది పాపం." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "సున్నం గదమ్మా. నోరంతా కాలిపోయింది. ఆ బిడ్డ దక్కలా. మా అవ్వ ఆమైన ఇంగో కాన్పులో పుట్టింది."

సందులో ఎవరో సైకిలు మీద బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఇల్లయిపొయినాక," మళ్లీ వరలక్ష్మమ్మే అందుకుంది, "గంజి తాగినోళ్లు తాగినదానికి పని చేసి తీర్చాలన్నారు. యాడికీ పోకుండా ఈ వరస కట్టి ఈడ పెట్టినారు. బిడ్డలు, బిడ్డల బిడ్డలు. గంజి మిద్దె అని పేరు పెట్టింది ఎవురనుకున్నావు? వీళ్లు. అది తిట్టు, స్రవంతీ. గంజి మింగిన మిద్దె అని తిట్టినారు. మనోళ్లు దాన్ని బిరుదనుకోని మోస్తా ఉండారు."

స్రవంతి మొహం వేడెక్కింది. చిన్నప్పుడు సెలవులకు మేనత్త ఇంటికి వచ్చి వెళ్లి, స్కూల్లో గొప్పగా చెప్పుకునేది. మా అత్తావాళ్లది గంజి మిద్దె, తెలుసా! ఎందుకలా అంటారో ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. తర్వాత చరిత్రలో డిగ్రీ మీద డిగ్రీ తీసుకుంది. ఆ సిగ్గు ఆమెకు ఒళ్లంతా పాకింది.

"ఇన్నేండ్లు నాకు కూడా ఎందుకు చెప్పలేదత్తా?"

"నోటి మాటగా ఉన్నంతకాలం ఎవురో ఒకరు ఏదో ఒకటి అనుకుంటారు, పోనీలే అనుకున్నా. రాతిలో చెక్కితే ఇంగ అదే నిజమైపోతుంది. కృతజ్ఞతంట! ఈమె పక్కన కూసోని ఆ మాట నేను మింగలేను. ఉన్నది రాయి. సంతకం పెడతా. లేదంటే ఆ సారుని ఈణ్ణించి ఈణ్ణించే పొమ్మను."

* * *

"పిచ్చి పట్టిందా మీ ఇద్దరికీ?" అన్నాడు గిరిప్రసాద్. తొట్టికట్టు అంచున నిలబడ్డాడు. అతని నెత్తి మీద చూరు చెక్క ఒకటి వంగి వేలాడుతోంది. "ఈ ఇంట్లో పోయినేడు వానకి మూడు చోట్ల దూలం కుంగింది. నేనేమన్నా దీన్ని అమ్ముకోని తింటా ఉండానా? నిలబెట్టల్ల అని గదా ఇంత పాకులాడతా ఉండా. బిడ్డని సంపిన ఇల్లని పలక పెడితే ఎవుడొచ్చి పండుకుంటాడు ఈడ?"

"నిజం కాదంటావా, బావా?"

అతను గొంతు తగ్గించాడు. "మా నాయన ఒకసారి తాగి చెప్పినాడు. నేను ఇన్నట్టు లేను, ఆయన చెప్పినట్టూ లేడు. అట్లాంటివి అట్లనే పోనియ్యాల."

స్రవంతి అతన్ని చూసింది. కోపం రావలసింది, జాలి వచ్చింది. ఇతను ఈ ఇంటిని ప్రేమించినట్టు తనను కూడా ప్రేమించలేదని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. దానికి ఆమె పెద్దగా బాధపడలేదు కూడా, ఎందుకంటే ఆమెకూ ఈ ఇల్లంటే ప్రాణం.

"ఒక పని చేద్దాం," అన్నాడు దగ్గరికి వచ్చి. "పలకే వద్దు. పేరు గురించి ఎవురూ ఎత్తొద్దు. నువ్వు పొయ్యి, రాస్తానని అమ్మకి చెప్పి పిలుచుకోని రా. సంతకం అయిపోనీ. తర్వాత రాసి నీ ఆఫీసు బీరువాలో పెట్టుకో, నీ ఇష్టం. ఎవురు అడిగేది? నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా, స్రవంతీ? మళ్లీ ఆ వంటింట్లోకే పోతావా?"

ఎక్కడ నొక్కితే నొప్పెడుతుందో మొగుడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

స్రవంతి మళ్లీ పెరడు దాటింది. "రాస్తా అత్తా, రా," అంది. అది అబద్ధమో నిజమో అన్నప్పుడు ఆమెకే తెలియలేదు. వరలక్ష్మమ్మ ఆమె మొహంలోకి కొంచెంసేపు చూసి, మోకాళ్ల మీద చెయ్యి వేసుకుని లేచింది. "నువ్వూ రా మే తిరుమలా," అంది. "నీ ఎదురుగానే పెడతా."

* * *

బాలసుబ్రమణ్యం మర్యాదస్తుడు. క్వాలిస్ కారు దిగగానే చెప్పులు మెట్ల కింద విడిచి, వరలక్ష్మమ్మకు వంగి నమస్కారం పెట్టాడు. పాత ఇళ్లంటే అతనికి నిజమైన ప్రేమ. మొదటి స్తంభాన్ని వేలి కణుపుతో తట్టి, చెంప ఆనించి చూశాడు.

"చల్లగా ఉండాది అమ్మా. ఎంత ఎండలో కూడా. ఇంత మంచి పూత మా కారైకుడి తావుల్లో కూడా చూడలేదు. ఏమి కలిపినారో గానీ!"

గిరిప్రసాద్ దగ్గాడు. "కాగితాలు చూద్దాంలే సార్, రండి. భోజనం కూడా రెడీ."

"ఉండండి సార్. కథ వినకుండా ఇల్లు తీసుకునేది ఎట్ల? మేడమ్, మీరు చెప్పాల. ఊళ్లో అడిగినా, గంజి మిద్దె యాడ అని. అందరికీ తెలుసు. ఎందుకు ఆ పేరు?"

వరలక్ష్మమ్మ కుర్చీలో ఉంది. ఒళ్లో కాగితాలు, చేతిలో పెన్ను. తిరుమలమ్మ మెట్ల కింద ఎండలో నిలబడి ఉంది. పైకి రమ్మంటే రాలేదు. గిరిప్రసాద్ కళ్లతోనే బతిమాలుతున్నాడు.

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కరువులో గంజి పోశారండీ అంటే అబద్ధం కూడా కాదు. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది. కానీ తిరుమలమ్మ మెట్ల కింద నిలబడి ఆ స్తంభం వైపు చూస్తోంది. స్రవంతి గొంతు దానంతటదే ఇంకో దారి పట్టింది.

"వాకిట్లో రెండు గుండిగలు ఉండేవి సార్," అంది.

మొత్తం చెప్పింది. రోజూ సాధన చేసిన పాఠంలా రాలేదు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయింది. అయినా చెప్పింది, వెనక వరస దాకా, పేరు ఎవరు పెట్టారో దాకా. గిరిప్రసాద్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

బాలసుబ్రమణ్యం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. స్తంభానికి ఆనించిన చెంపను చేత్తో ఒకసారి తడుముకున్నాడు కూడా.

అయిపోయింది, ఇక వెళ్లిపోతాడు అనుకుంది స్రవంతి. ఆశ్చర్యంగా గుండె తేలికపడింది.

"మేడమ్," అన్నాడతను మెల్లగా. "ఇది... ఇదిగో ఇది కదా కథ! కరుణతో గంజి పోసిన జమీందార్లు ఊరికొకరు ఉండారు. ఇది యాడా లేదు. ఫారిన్ వాళ్లు ఇట్లాంటి నిజం కోసమే వస్తారు. సార్, ఈతకొలను వద్దు. ఆ వరస అట్లనే ఉంచండి. ఒక్క రాయి కదలగూడదు."

గిరిప్రసాద్ గిర్రున తిరిగాడు. "ఉంచమంటారా?"

"వరసే ముఖ్యం సార్. గదులకు ఏసీ పెట్టను. మట్టినేల, చాప, మట్టి ముంత. ఒక రాత్రి ఆడ పండుకోని, పొద్దున్నే గంజి తాగాల. అప్పుడు తెలుస్తుంది వాళ్లకి. ఈ అమ్మ ఆడనే ఉండే మనిషి కదా? ఈ అమ్మ చేతులతోనే గంజి పోయిద్దాం. పాతకాలం చీర కట్టుకోని, వాళ్ల ముత్తవ్వ కథ చెప్తే... మేడమ్ ఇంగ్లీషులో చెప్తారు. ఊరికే వద్దు, నెలనెలా జీతం ఇచ్చేస్తాం."

జీతం అన్న మాటకు తిరుమలమ్మ తలెత్తింది.

అతను మంచి మనసుతోనే అన్నాడు. స్రవంతి చెప్పిన నిజాన్ని ఆమె కళ్ల ముందే మడిచి, చీర కట్టించి, ముంతలో పోసి అమ్మకానికి పెట్టేశాడు. పైగా తను కోరినవన్నీ జరుగుతున్నాయి. నిజం పలక మీదికి ఎక్కుతుంది. ఇల్లు నిలబడుతుంది. ఉద్యోగం తనదే. ఇంత బాగా జరుగుతుంటే ఏడుపెందుకు వస్తోంది?

"పెట్టుమా, ఇంగేం!" గిరిప్రసాద్ మొహం వెలిగిపోయింది. "నువ్వు కోరిందే గదా!"

వరలక్ష్మమ్మ పెన్ను మూత తీసింది. కాగితం మీదికి వంగి, మళ్లీ ఆగింది.

"తిరుమలా, నువ్వు చెప్పు. పెట్టేదా?"

పంచలో అందరూ మెట్ల కిందికి చూశారు. ఆ ఇంటికి సంబంధించి తిరుమలమ్మను ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"నన్నడగతా ఉండావా, అమ్మా?"

"నిన్నే."

"అయితే ఆ వరస పడగొట్టండి," అంది తిరుమలమ్మ. గొంతు పెంచలేదు. "కొలను తవ్వుతారంటే సంతోషపన్నా. మా అమ్మ అది పడిపోతే సూడాలని సూసి సూసి పొయింది. మా అవ్వా అంతే. నా కూతురు రమ్మంటే నేనెందుకు పోలేదనుకున్నారు? అది నేలమట్టం అయ్యేది సూసి పోదామని. మిగిలిపొయిన సున్నంతో కట్టినారంట దాన్ని. యెంత వానొచ్చినా పడదు. గంజి తాగిన గోడలు గదా."

బాలసుబ్రమణ్యం చేతులు జోడించాడు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ వరస సాక్ష్యం. అది పోతే..."

"సాచ్చం నీకు గావాల. నాకెందుకు నాయనా? నాకు తెలుసు గదా."

బాలసుబ్రమణ్యం గిరిప్రసాద్ వైపు తిరిగి, ఇబ్బందిగానే అయినా స్పష్టంగా చెప్పాడు. "సార్, తప్పుగా అనుకోవద్దు. స్తంభాల ఇండ్లు మా కారైకుడి వైపు వీధికొకటి ఉండాయి. వరస ఉంటే ఈ ఇల్లు నాకు కావాల. లేకపోతే వద్దు."

"ఉంటుంది సార్! ఉంటుంది! ఆమె మాటకేం?" గిరిప్రసాద్ తల్లి భుజం పట్టుకున్నాడు. "అమ్మా, పెట్టు."

వరలక్ష్మమ్మ భుజం విదిలించుకుంది. కోడలి వైపు చూసింది.

"కథ చెప్పిన దానివి నువ్వు. ఆ వరసకి విలువ కట్టింది నీ నోరే. ఈ ఇంట్లో రేపు కుర్చీ వేసుకోని కూసునేది కూడా నువ్వే. నువ్వే చెప్పు, స్రవంతీ."

స్రవంతికి నేతచీర కట్టుకున్న తను కనిపించింది. పంచలో నిలబడి ఇంగ్లీషులో చెబుతోంది. మెట్ల కింద తిరుమలమ్మ ముంతల్లో గంజి పోస్తోంది. వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. తన గొంతు ఎంత చక్కగా, ఎంత దయగా పలుకుతోందో కూడా వినిపించింది. చరిత్ర చెప్పడమంటే తనకు ప్రాణం. అందులో సందేహం లేదు. ఇంకో అవకాశం రాదు, అందులోనూ సందేహం లేదు.

"పెన్నుకి మూత పెట్టత్తా," అంది.

బాలసుబ్రమణ్యమే ముందు కదిలాడు. "భోంచేసి పొండి సార్," అంది స్రవంతి, ఆ ఇంటి కోడలిగా ఆ మాట అనక తప్పదు గనక. అతను వద్దని తల ఊపి, స్తంభాన్ని చివరిసారి తాకి, చెప్పులు వేసుకున్నాడు.

గిరిప్రసాద్ లోపలికి వెళ్లి చిన్న సంచితో తిరిగొచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే స్రవంతికి కొంత సులువుగా ఉండేది.

"సారుతో నేనూ మద్రాసు పోతా ఉండా. ఈ ఇంటిని నిలబెట్టేదానికి ఇదే కడా దారి. దాన్ని నువ్వు మూసేసినావు. ఆ వరస నిలిస్తే నేనొస్తా. పడిందా, ఇంగ నన్ను పిలవబాకండి." తల్లి వైపు చూడకుండా, భార్య వైపు చూడకుండా బండెక్కాడు.

క్వాలిస్ వీధి మలుపు తిరిగేదాకా స్రవంతి మెట్ల మీదే నిలబడింది. తర్వాత కిందికి చూస్తే తిరుమలమ్మ లేదు. ఎప్పుడు వెళ్లిందో ఎవరూ గమనించలేదు.

"రమ్మని ఫోన్ చెయ్యనా అత్తా? ఇంకా పుత్తూరు దాటుండరు. సారుకి సెల్ ఉండాది." స్రవంతి అత్త వైపు తిరిగింది. "వరస ఇప్పుడే పడగొట్టే పని లేదు గదా. నిదానంగా చూసుకుందాం. ముందు బావని రానీ..."

వెనకవైపు నుంచి దబ్బుమని ఒక చప్పుడు వినిపించింది. కాసేపటికి ఇంకొకటి. రాతి మీద ఇనుము పడుతున్న చప్పుడు. గట్టి గోడ, అంత సులువుగా లొంగడం లేదు.

వరలక్ష్మమ్మ కళ్లు మూసుకుని వింది.

"ముసిల్ది ఒక్కతే కొడతా ఉండాది," అంది. "ఫోను కాడికి పోతావో, ఆడికి పోతావో, పో."